సాంచా కింది పైపు

జమున తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన రోజు, గల్లీలో అందరికంటే ముందు ఎదురెళ్లింది కైలాసమే. ఇచ్చోడ నుంచి బయలుదేరి, నిర్మల్‌లో ఒక బస్సు, కరీంనగర్‌లో ఇంకో బస్సు మారి, ఏడో నెల కడుపుతో ఆటో దిగుతున్న పిల్లను చూసి, నడుస్తున్న సాంచా మగ్గాన్ని ఆపి మరీ బయటికి వచ్చాడు.

"పెద్దబాపూ, మంచిగున్నవా?"

"నాకేమైతది బిడ్డా! నువ్వేందే గింత బక్కగైనవ్? ఆడ అన్నం పెడ్తలేరా?"

"ఆగు, మా అత్తకు ఫోన్ చేసి చెప్త నువ్వన్న మాట," అంటూ జమున నవ్వింది. ఆమె భర్త శ్రీహరి కూడా నవ్వుతూ ఆటోలోంచి సంచులు దించాడు.

కైలాసానికి, భార్య దేవవ్వకు పిల్లలు లేరు. పక్కింటి బాలవ్వ కూతురే జమున. తండ్రి చిన్నప్పుడే పోతే, బాలవ్వ బీడీలు చేసి కూతుర్ని పెంచింది. జమున బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి కైలాసం ఇంటికి పరుగెత్తేది. దేవవ్వ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది, ఆకలైతే అక్కడే తినేది, ఒక్కోసారి సాంచాల చప్పుడు మధ్యనే గోడకు ఆనుకుని నిద్రపోయేది. పెళ్లి చేసి ఇచ్చోడ పంపినప్పుడు బాలవ్వ కంటే ఎక్కువ ఏడ్చింది దేవవ్వ అని గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అది కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న నేత పట్టణం. గల్లీ నిండా మరమగ్గాలే. వాటినే అక్కడ సాంచాలంటారు. కైలాసానికి మొదట రెండు సాంచాలు ఇంటి లోపలే ఉండేవి. పని బాగా సాగిన రోజుల్లో ఇంకో రెండు కొన్నాడు. వాటికి చోటు చాలక ఇంటి ముందున్న మురుగునీళ్ల మోరీ మీద బండలు పరిచి, గల్లీ అంచు దాకా రేకుల షెడ్డు వేశాడు. నేల తవ్వి, కాంక్రీటు పోసి, బోల్టులు దించి సాంచాలు నిలబెట్టాడు. ఆ పక్కనుంచే నల్లా పైపు పోతుందని అతనికి తెలుసు. పైపు భూమిలో ఉంటుంది, సాంచా పైన ఉంటుంది, దానికీ దీనికీ ఏం సంబంధమనుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. గల్లీలో సగం ఇళ్లు అట్లా ముందుకు జరిగినవే.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు పొద్దున్నే వచ్చేవి. ఊరి బయట కొత్త ఫిల్టర్ బెడ్ కట్టాక నీళ్లు తేటగా వస్తున్నాయని పట్టణమంతా సంతోషపడింది. ఆ గల్లీ చివరి ఇళ్లలో మాత్రం మొదటి రెండు మూడు బిందెలు మబ్బుగా, ఒక రకమైన వాసనతో వచ్చేవి. ఆడవాళ్లు వాటిని వాకిట్లో చల్లి, తర్వాతి నీళ్లు పట్టుకునేవాళ్లు. మున్సిపాలిటీ వాళ్లకు చెబితే, మనుషులు వచ్చి రెండు చోట్ల తవ్వి చూసి, ఏమీ దొరకలేదని పూడ్చిపెట్టి పోయారు. లైను మాత్రం ఎప్పటిదో. సిమెంటు పైపులు. వాటిని వేసినవాళ్లు ఎవరూ ఇప్పుడు కొలువులో లేరు.

చలికాలం మొదట్లో, గల్లీ చివర ఉంటూ అదే గల్లీలోని కొండల్ సాంచాల షెడ్డులో పనిచేసే ఒకతనికి కామెర్లు వచ్చాయి. తర్వాత చివరి ఇంట్లో ఇద్దరు పిల్లలకు. వాళ్లు పథ్యం చేసి, మందులు మింగి లేచి తిరిగారు. ఆ తర్వాత జమునకు వాంతులు మొదలయ్యాయి. కడుపుతో ఉన్న పిల్లకు వాంతులు మామూలే అనుకుంది బాలవ్వ. ఒక పొద్దున దేవవ్వ ఆమె తల దువ్వుతూ, గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది.

"బాలవ్వా! పొల్ల కండ్లు చూసినవా? పచ్చగైనయి."

బాలవ్వ భయపడి, పక్క ఊళ్లో పసరు పోసే మనిషి దగ్గరికి కూతుర్ని తీసుకుపోయింది. గల్లీలో కామెర్లు వచ్చిన వాళ్లందరూ అక్కడికే పోయారు, అందరికీ తగ్గింది. జమునకు తగ్గలేదు. పసరు తాగిన కొద్దీ నీరసించిపోయింది. ఒక మధ్యాహ్నం తల్లిని చూసి "ఎవరు?" అని అడిగింది.

ఆటోలో కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయేటప్పుడు జమున తల దేవవ్వ ఒళ్లో, కాళ్లు తల్లి ఒళ్లో ఉన్నాయి. కైలాసం డ్రైవరు పక్కన కూర్చుని, "జర తొందరగ పోనియ్యి తమ్మీ, జర తొందరగ" అంటూనే ఉన్నాడు. డాక్టరమ్మ చూసి, కామెర్లలో ఒక రకం నీళ్లతో వస్తుందనీ, మిగతా వాళ్లకు తగ్గిపోయేదే కడుపుతో ఉన్నవాళ్ల ప్రాణం మీదికి తెస్తుందనీ మెల్లగా చెప్పింది. చేయగలిగిందంతా చేస్తామంది. చేశారు కూడా. ఆడపిల్లను తీశారు. నెలలు నిండని ఆ పసిగుడ్డు అద్దాల పెట్టెలో బతికింది. జమున బతకలేదు.

ఇచ్చోడ నుంచి అత్తగారు యాదవ్వ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె కోడలి మొహం మీది గుడ్డ తీసి చూసి, బాలవ్వ వైపు తిరిగింది.

"బంగారం లెక్క పంపిన్నే నీ ఇంటికి! పసరు పోయించి, ఆ మురికి నీళ్లు తాపించి పండవెట్టినవ్ గదనే!"

శవాన్ని ఇచ్చోడ తీసుకుపోయారు. పాప కోలుకున్నాక పాపనూ తీసుకుపోయారు. పేరు పెట్టిన రోజు బాలవ్వకు కబురు రాలేదు. సృజన అని పెట్టారని తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

*

జమున పోయిన తర్వాత మున్సిపాలిటీలో కదలిక వచ్చింది. నీళ్ల విభాగానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు మమతారాణి స్వయంగా గల్లీకి వచ్చింది. ఇంటింటికీ తిరిగి నల్లా నీళ్లు చిన్న గాజు గొట్టాల్లో పట్టి, చుక్కల మందు వేసి చూసింది. గల్లీ మొదట్లో నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి. అంటే ఫిల్టర్ బెడ్ దగ్గర కలిపిన క్లోరిన్ అక్కడి దాకా ఉన్నట్టు. బాలవ్వ ఇంటి నుంచి చివరి దాకా ఏ గొట్టంలోనూ రంగు తిరగలేదు.

"ఫిల్టర్ నుంచి నీళ్లు మంచిగనే వస్తున్నయ్," అందామె, చుట్టూ చేరినవాళ్లతో. "ఈ గల్లీల ఎక్కడనో పైపు పగిలింది. నీళ్లు వదిలినప్పుడు అవి బయటికి పోతయ్. బంద్ చేసినప్పుడు పైపు ఖాళీ అయి, చుట్టూ ఉన్న మోరీ నీళ్లను లోపలికి గుంజుకుంటది. మళ్లీ వదిలినప్పుడు అవే మీ బిందెల్లకు వస్తయ్."

"రెండుసార్లు తవ్వి చూసిన్రు గద మేడం, దొరకలే అన్నరు," అన్నాడు కొండల్.

"ఎట్ల దొరుకుతది? భూమిలో కారే నీళ్ల చప్పుడు వినే మిషన్ ఉంది మా దగ్గర. మీ సాంచాల మోతల అది పనిచేయదు. ఎల్లుండి నీళ్లు వదిలినప్పుడు గల్లీల ఒక్క సాంచా కూడా నడవద్దు. జర సహకరించండి."

ఆమె చెప్పిన రోజు పొద్దున సాంచాలన్నీ ఆపారు. ఆ గల్లీలో పుట్టి పెరిగిన వాళ్లు కూడా అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఎక్కడో పసిపిల్ల దగ్గితే అన్ని ఇళ్లకూ వినిపించింది. అందరూ గడపల్లో నిలబడ్డారు. బాలవ్వ కూడా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన గుమ్మంలో నిలబడింది. మమతారాణి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతికర్ర లాంటి మిషన్‌ను నేలకు ఆనిస్తూ, అడుగు తర్వాత అడుగు వేస్తూ గల్లీ మొదటి నుంచి వచ్చింది. కొండల్ షెడ్డు దాటింది. కైలాసం ఇంటి ముందు ఆగింది. వెనక్కి రెండడుగులు వేసింది, మళ్లీ ముందుకొచ్చింది. తర్వాత తల ఎత్తి కైలాసం వైపు చూసింది.

"లోపలికి రావచ్చా?"

"రాండ్రి మేడం."

షెడ్డులో రెండు సాంచాల మధ్య వంగి, మిషన్‌ను రెండో సాంచా కాళ్ల దగ్గర ఆనించి చాలాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి కైలాసానికి ఇచ్చింది. అతను చెవులకు పెట్టుకున్నాడు. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత వినిపించింది, ఎవరో పళ్ల సందునుంచి ఆగకుండా ఊపిరి వదులుతున్నట్టు.

కైలాసం హెడ్‌ఫోన్ తీసి ఆమె చేతికి ఇచ్చాడు.

"గిది నీళ్లేనా మేడం?"

"అవును."

"గీడనా?"

"ఇక్కడనే."

ఆమె మెల్లగా, అతనొక్కడికే వినపడేలా చెప్పింది. ఇక్కడ తవ్వకుండా, పాత లైను మూసేసి గల్లీకి అవతలి వైపున కొత్త పైపు వేయొచ్చు. దానికి కొంత కాలం పడుతుంది. అప్పటిదాకా చివరి ఇళ్లకు ట్యాంకరుతో నీళ్లు పంపాలి. వెంటనే ఆపాలంటే మాత్రం ఈ సాంచా తీయాలి.

"బీము మీద నూలు పోగుంది," అంది దేవవ్వ వెనక నుంచి. "సగం గుడ్డ కూడా దిగలే. ఇప్పుడు తీస్తే అంత ఆగమైతది..."

కైలాసం ఆమె మాట విననట్టే లోపలికి పోయి పానా తెచ్చాడు. నేల మీద కూర్చుని మొదటి బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టి అది కదల్లేదు. కొండల్ వచ్చి ఇంకో పానాతో ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నానికి రెండు సాంచాలూ గల్లీలో ఉన్నాయి. తెగిన పోగు దారాలు గాలికి ఎగిరి గడపలకు చుట్టుకున్నాయి.

మున్సిపాలిటీ వాళ్లు కాంక్రీటు పగలగొట్టారు. దాని కింద సిమెంటు పైపు బయటపడింది. కాంక్రీటు దిమ్మ సరిగ్గా పైపు మీదే కూర్చుని ఉంది. ఏళ్ల తరబడి సాంచా ఊగిన ఊపుకు పైపు పొడుగునా చీలింది. చీలిక చుట్టూ మోరీ నీళ్లు ఇంకిన నల్లటి బురద. గల్లీ వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. కొందరు కైలాసం మొహం ఒకసారి చూసి పోయారు. బాలవ్వ కూడా వచ్చింది. గుంత అంచున నిలబడి, లోపలికి వంగి చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మమతారాణి పోయే ముందు కైలాసం దగ్గర ఆగింది. "పెద్దాయనా, తప్పంత మీదే అనుకోకండి. ఈ లైను ఎప్పుడో మార్చాల్సింది. ఫిల్టర్ బెడ్ మంచిగ కట్టుకున్నం, పైపుల దగ్గరికి వచ్చేసరికి తర్వాత చూద్దామనుకున్నం. షెడ్డు వేసిన నాడు వద్దని చెప్పాల్సింది కూడా మావాళ్లే."

"అయితే అయింది మేడం," అన్నాడు కైలాసం. "సాంచా నాదే గద."

*

చీలిన పైపు ముక్క మార్చి ఆ గుంత పూడ్చాక అతను షెడ్డు మళ్లీ వేయలేదు. రేకులు విప్పేశాడు. ఆ రెండు సాంచాలను వచ్చినవాళ్లకు ఇచ్చేశాడు. లోపలి రెండింటిని కూడా నడపలేకపోయాడు. వాటిని దేవవ్వ ఒత్తిడి మీద ఒక రోజు మొదలుపెట్టి, కాసేపటికే ఆపేశాడు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపిస్తున్నట్టు ఉందన్నాడు. చివరికి కొండల్ షెడ్డులో కూలికి చేరాడు. "సాంచాల ఆసామివి, కూలికి పోతవా?" అని దేవవ్వ ఏడ్చింది. అక్కడ మాత్రం చప్పుడు వినిపించదా అంటే, అది నా జాగ కాదు గద అన్నాడు.

వేసవి రాకముందే గల్లీకి అవతలి వైపున కొత్త నల్లా పైపు వేశారు. నీళ్లు వదిలిన పొద్దున మమతారాణి బాలవ్వ ఇంటికి వచ్చి, గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి.

"ఇగ మీరు నిమ్మలంగ తాగొచ్చు అమ్మా."

"తాగుత బిడ్డా," అంది బాలవ్వ. "నేనెన్ని తాగినా నాకేం గాలే. ఆ మురికి నీళ్లు గూడ నేను తాగిన. నాకేం గాలే."

ఆ మాటకు మమతారాణి కళ్లు దించుకుంది. గోడ అవతల కైలాసం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

గుంత చూసిన రోజు నుంచి బాలవ్వ అతనితో మాట్లాడలేదు. దేవవ్వతో మాట్లాడేది. కూర అడిగేది, ఇచ్చేది. అతను ఎదురైతే పక్కకు జరిగి పోయేది. అలాంటిది ఒక సాయంత్రం వచ్చి గడపలో నిలబడింది.

"బావా, ఇచ్చోడకు పోతున్న. పిల్లను చూడాలె. ఒక్కదాన్ని పోతే గడప తొక్కనియ్యరు. జర తోలుకపో."

మరునాడు ఇద్దరూ బయలుదేరారు. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. ఇచ్చోడలో హైవే మీద దిగి, లోపలి బజారులో శ్రీహరి ఇంటికి నడిచారు. యాదవ్వ వాకిట్లోనే ఉంది. ఆమె ఒళ్లో పాప.

"మళ్ల ఎందుకచ్చినవే?" అంది. "ఒకదాన్ని మింగినవ్ చాలలేదా? నీ చేత్తో పసరు పోయించినవ్, నీ ఇంటి నీళ్లు తాపించినవ్. పిల్లను నేనియ్య. పో."

బాలవ్వ గడప అవతలే నేల మీద కూర్చుండిపోయింది. పాప వైపు చూస్తూ ఉంది తప్ప నోరు తెరవలేదు. పైపు ఎక్కడ పగిలిందో, ఎవరి సాంచా కింద పగిలిందో ఆమె ఇన్ని నెలల్లో వీళ్లకు చెప్పలేదని కైలాసానికి అప్పుడు అర్థమైంది. ఒక్క మాట చెబితే ఈ తిట్లలో సగం తప్పేవి. చెప్పలేదు.

"చెల్లె, జర నా మాటిను," అన్నాడు. "బాలవ్వది తప్పేం లేదు. మోరీ నీళ్లు నల్లాల కలిసింది నా సాంచా కింద. పైపున్నదని తెలిసే నేను ఆడ సాంచా పెట్టిన. దాని ఊపుకు పైపు పగిలింది. ఆ నీళ్లే మా జమున తాగింది. తిడితే నన్ను తిట్టుండ్రి. గామెకు పిల్లను ఒక్కసారి ఇయ్యుండ్రి."

యాదవ్వ పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంది. లోపలి గుమ్మంలో శ్రీహరి నిలబడి ఉన్నాడు. జిన్నింగ్ మిల్లులో పని దిగి వచ్చినట్టుంది, జుట్టులో, కనుబొమ్మల మీద దూది నూగు అట్లాగే ఉంది. అతను ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు.

"జమున ఫోన్ల ఏమన్నదో తెలుసా మామా?" అన్నాడు. "ఇచ్చోడల నిద్ర పడ్తలేకుండె, ఈడ మా పెద్దబాపు సాంచా చప్పుడింటే మంచిగ నిద్రపడ్తున్నది అన్నది."

కైలాసం చేతులు జోడించాడు.

"పోండ్రి మామా," అన్నాడు శ్రీహరి. కోపంగా కూడా అనలేదు. "నాకు మిమ్మల్ని చూస్తే మంచిగనిపిస్తలేదు. మళ్ల మా ఇంటికి రాకుండ్రి."

తర్వాత తల్లి ఒళ్లోంచి పాపను తీసుకుని, గడప దిగి, తనే బాలవ్వ ఒళ్లో పెట్టాడు. "నువ్వుండు అత్తా. తిని పో."

కైలాసం వెనక్కి చూడకుండా నడిచి బస్టాండుకు వచ్చాడు. ఆదిలాబాద్ వైపు, నిర్మల్ వైపు బస్సులు వచ్చి పోతూనే ఉన్నాయి. పొద్దు వాలేటప్పుడు బాలవ్వ వచ్చి అతని పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. చీర మీద పాప కక్కిన పాల మరక ఉంది. ఇద్దరూ బస్సెక్కి నిర్మల్ దాటారు. అప్పుడు ఆమె, బయటికి చూస్తూనే, మెల్లగా అంది.

"నువ్వు చెప్పకుంటే నేను చెప్పకపోదును బావా."

"ఎరుకే."

"నువ్వు చంపినవని నేననను. చంపలేదని గూడ అన వస్తలేదు. ఎంత అనుకున్నా అన వస్తలేదు. నన్నేం అనుకోకు."

"ఏమనుకుంట బాలవ్వా," అన్నాడు కైలాసం. భుజం మీది తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. ఆమె అతని వైపు తిరగలేదు. పక్క సీటులోంచి లేచి పోనూ లేదు.

అప్పటి నుంచి బాలవ్వ నెలకోసారి ఇచ్చోడ పోతుంది. యాదవ్వ ఇప్పుడు ఆమెను తిట్టదు, నవ్వి పలకరించనూ పలకరించదు. పాప మాత్రం అమ్మమ్మను గుర్తుపట్టి చేతులు చాపుతుందట. కైలాసం మళ్లీ ఆ ఊరు పోలేదు. రమ్మని ఆమె అనలేదు, వస్తానని అతను అడగలేదు. పోయే రోజు ఆమెకు బస్సులో తినడానికి దేవవ్వ సద్ది కట్టి ఇస్తుంది.

తిరిగొచ్చిన రోజు బాలవ్వ తన ఇంటికి పోయే ముందు వాళ్ల గుమ్మం ముందు ఆగుతుంది. కైలాసం లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంటాడు. ఆమె అతన్ని పిలవదు, లోపలికీ రాదు. దేవవ్వతోనే మాట్లాడుతుంది, కానీ కొండల్ షెడ్డులో సాంచాల మోతను దాటి లోపలి దాకా వినిపించేంత గట్టిగా.

"అక్కా, పిల్లకు రెండు పాలపండ్లొచ్చినయి. కింద."

లోపల కైలాసం తల వంచుకుని వింటాడు.